పథ్యాన్ని తూచే చదువు

వంటింటి వస్తువుల గుణాలను గురించీ, పథ్యాపథ్యాలను గురించీ వ్రాయడం నాకు అలవాటు. ఈసారి ఒక వస్తువును గురించి కాక, ఆ వస్తువులను తూచి, కొలిచి, నిగ్గు తేల్చే ఒక చదువును గురించి వ్రాస్తున్నాను. దానిని నేడు ఆహార శాస్త్రమనీ, ఆహార సాంకేతిక విద్య అనీ పిలుస్తున్నారు. మధ్యతరగతి గృహస్థులు తమ పిల్లల భవిష్యత్తును నిర్ణయించే వేళ ఈ చదువును లెక్కలోనికి తీసుకోవడం లేదు. అది సరికాదని చెప్పడమే నా ఉద్దేశం. అలా చెప్పే అర్హత నా గొప్పతనం వల్ల రాలేదు. నేను చేసిన ఒక పొరపాటు వల్ల వచ్చింది.

మనుమరాలి ప్రశ్న

నేను గురుకుల పద్ధతిలో, గురువుగారి ఇంటనే ఉండి, గ్రంథాలు వల్లె వేసి, మందులు నూరి వైద్యం నేర్చినవాడిని. దేవరకొండకూ కల్వకుర్తికీ నడుమ ఉన్న పల్లెలలో నలభై ఏళ్ళకు పైగా వైద్యం చేస్తున్నాను. ఇటు నల్లగొండ జిల్లా వారూ, అటు పాలమూరు వారూ నా దగ్గరకు వస్తుంటారు.

ఇటీవల మా అబ్బాయి తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. వైద్య కళాశాలలో సీటు రాలేదు. ఇంకొక ఏడాది కోచింగు తీసుకొమ్మని తండ్రి, ఆహార సాంకేతిక విద్యలో చేరతానని కూతురు. ఇద్దరికీ మాట కుదరక, పిల్లకు నచ్చజెప్పమని నన్ను అడిగాడు. నేను ఆమెను దగ్గర కూర్చోబెట్టుకొని, "వంట నేర్వడానికి నాలుగేళ్ళ చదువెందుకమ్మా? మీ నానమ్మ దగ్గర నాలుగు నెలలు ఉంటే చాలదా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"తాతయ్యా, నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి అని వచ్చిన వాళ్ళందరికీ మీరు చింతపండు మానమంటారు కదా! మానితే మేలు జరుగుతుందని ఎవరు తూచి చూశారు?" అని అడిగింది.

శాస్త్రంలో ఉన్నదన్నాను. ఆమె వాదించలేదు. మర్నాడు తన ఫోనులో ఒక పరిశోధన పత్రాన్ని తెరిచి, ఆంగ్లంలో ఉన్న దానిని నాకు తెలుగులో విడమరచి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన నేల వ్యాధి

ఆ పత్రంలోని విషయం చెప్పే ముందు మన ప్రాంతపు కథ కొంత చెప్పాలి. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వంటి చోట్ల భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్నదన్న సంగతి అందరికీ తెలిసినదే. త్రాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండరాదనీ, గత్యంతరం లేని చోట 1.5 వరకు సహించవచ్చుననీ మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి, వెన్ను వంగిపోతుంది.

1973లో, నేను ఇంకా శ్లోకాలు కంఠస్థం చేస్తున్న రోజులలో, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలోని యువకుల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గురించి ప్రపంచ ప్రసిద్ధమైన ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. కేవలం నీరే కాక, తినే తిండికీ ఈ వంకరకూ సంబంధం ఉండవచ్చునని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ తరువాత జొన్న తిండిని, బియ్యపు తిండిని పోల్చి చూశారు. జొన్న తినే వారి శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నదని 1977లో ప్రకటించారు. జొన్నను బలవర్ధకమని రోజూ చెప్పే నావంటి వాడికి ఇది రుచించే మాట కాదు. అయినా తూకంలో తేలిన మాటను రుచించలేదని త్రోసిపుచ్చలేము.

అదే 1970వ దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే ఒక పద్ధతిని రూపొందించింది. నీటిలో తగిన పాళ్ళలో సున్నమూ పటికా వేసి, కలియబెట్టి, తేర్చి, వడకట్టడమే ఆ పద్ధతి. దానికి ప్రపంచమంతటా "నల్లగొండ పద్ధతి" అన్న పేరే స్థిరపడింది. పటిక మా వైద్యుల పెట్టెలో తరతరాలుగా ఉన్నదే. సున్నం ప్రతి ఇంటి తాంబూలపు పళ్ళెంలో ఉన్నదే. కానీ ఎంత ఫ్లోరైడ్ ఉన్న నీటికి ఎంత పటిక, ఎంత సున్నం వేయాలో కొలిచి చెప్పినవారు మేము కాదు. వస్తువు మన ఇంట్లో ఉండగా, కొలత మరొకరు చెప్పవలసి వచ్చింది.

చింతపండును తూచినవారు

ఇక మనుమరాలు చూపిన పత్రం. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ఖందారే, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధన అది. హైదరాబాదులోని ఒక సాంఘిక సంక్షేమ వసతి పాఠశాలలో 20 మంది ఆరోగ్యవంతులైన బాలురను ఎన్నుకున్నారు. మధ్యాహ్న భోజనంతో రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజుల పాటు చింతపండు ఇచ్చారు. మూత్రాన్ని సేకరించి, అందులో ఎంత ఫ్లోరైడ్ బయటకు పోతున్నదో ముందూ వెనుకా కొలిచారు. చింతపండు తిన్న తరువాత ఫ్లోరైడ్ విసర్జన పెరిగింది. అంతకు ముందు 2000లో కుక్కల మీద చేసిన పరీక్షలోనూ మేలే కనిపించింది. 2004లో, ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలోని కౌమార బాలురకు ఫ్లోరైడ్ తగ్గించిన నీటితో పాటు చింతపండు కూడా ఇచ్చి చూసినప్పుడు, నీటి వల్ల కలిగే మేలుకు మరి కొంత మేలు తోడయిందని ప్రకటించారు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. చింతపండు తింటే వంగిన వెన్ను నిటారవుతుందని ఈ పరిశోధనలు చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. పరీక్షలో పాల్గొన్నవారు కొద్దిమంది, పరీక్షించిన కాలం కొద్ది రోజులు. మంచినీటికి ప్రత్యామ్నాయం మంచినీరే. అయితే, మన పచ్చిపులుసు, మన పప్పుచారు ఈ నేల దోషానికి కొంత ప్రతిక్రియ చేస్తున్నాయన్న సూచన అందులో ఉన్నది. ఆ సూచన నా గుండెలో ముల్లులా దిగింది.

నా పాత చిట్టాలు

నేను రోగుల వివరాలు చిట్టాలలో వ్రాసి ఉంచుతాను. ఆ రాత్రి పాతవి తీసి చూశాను. "కటివాతం, పులుపు నిషేధం", "జానువాతం, పులుపు నిషేధం" అని పుటల కొద్దీ నా చేతివ్రాతే. అందులో 1990ల నాటి ఒక పుట దగ్గర ఆగిపోయాను. మర్రిగూడ వైపు పల్లె నుండి వచ్చిన ఒక తల్లి. మెడ తిరగదు, నడుము వంగదు. నేను తైలం ఇచ్చాను, కషాయం ఇచ్చాను, చింతపండు మాన్పించాను. ఆ ఇంట జొన్నరొట్టెలోకి పచ్చిపులుసే కూర. "పులుసు గూడ వద్దంటె ఏంతోని తినాలె అయ్యా?" అని ఆమె అడిగింది. ఉప్పూ కారంతో తినమన్నాను. ఆమె తిన్నది. రెండేళ్ళు నా మాట జవదాటలేదు. నొప్పి తగ్గలేదు.

ఆమె ఏ బావి నీరు త్రాగుతున్నదో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నేను చింతపండు మాన్పించకపోతే ఆమె బాగుపడి ఉండేదని అనలేను. కానీ ఆమె కంచంలో ఉన్న ఒక్క ఆధరువునూ తూచకుండా, కొలవకుండా తీసివేశాను. శాస్త్రం నన్ను అలా చేయమన్నదా? వాతరక్తంలో అమ్లరసాన్ని అతిగా సేవించరాదని చెప్పిన మాట నిజం. అయితే మన నిఘంటువులు పచ్చి చింతకాయకూ, పండిన చింతపండుకూ గుణభేదం స్పష్టంగా చెప్పాయి. పండినది దీపనమనీ, కఫవాతాలను తగ్గించేదనీ అన్నాయి. దేశాన్ని, జలాన్ని పరీక్షించమని కూడా అవే గ్రంథాలు చెప్పాయి. నేను గ్రంథంలో సగం మాట పట్టుకొని, మిగిలిన సగానికి అనుభవమని పేరు పెట్టాను. చింత చచ్చినా పులుపు చావదన్నట్లు, వైద్యుడు పెద్దవాడైనా తన మాటే చెల్లాలన్న పట్టుదల చావదు.

అనుభవానికి కొలత తోడు కావాలి

అనుభవం గొప్పదే. నా గురువుగారు నాడి పట్టి చెప్పిన మాటలు తప్పడం నేను అరుదుగా చూశాను. కానీ వైద్యుని అనుభవం తన ముందు కూర్చున్న రోగి దగ్గర ఆగిపోతుంది. ఆ రోగి బావి లోతు దానికి కనపడదు. వందమంది మూత్రంలో ఏమి పోతున్నదో, ఏమి నిలుస్తున్నదో దానికి కనపడదు. అది చూడడానికి కొలిచే కన్ను కావాలి.

మన తిండికి ఆ కన్ను దొరికిన సందర్భాలు లేకపోలేదు. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి పరిశీలనకై ఆరంభించిన చిన్న ప్రయోగశాలే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. జొన్నే ప్రధానాహారంగా బ్రతికే తెలంగాణ పేదలలో చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా వ్యాధి ఎందుకు వస్తున్నదని 1960లో గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు పరిశోధించారు. జొన్నలో అధికంగా ఉన్న ల్యూసిన్ అనే పదార్థం వైపు వేలు చూపారు. దానిపై పండితులలో వాదోపవాదాలు జరిగాయి. వాదం జరగడమే శాస్త్రానికి ఆరోగ్య లక్షణం. భోజనంలో పప్పు, పాలు, కూరలు చేరే కొద్దీ ఆ వ్యాధి అరుదయింది. 2017లో అదే సంస్థ దేశం నలుమూలల నుండి సేకరించిన 528 ఆహార పదార్థాలను విశ్లేషించి పట్టికలు ప్రచురించింది. మునగాకులో ఎంత సున్నం ఉన్నదో, తైదలలో ఎంత ఇనుము ఉన్నదో నేడు మనం చెప్పగలుగుతున్నామంటే అటువంటి శ్రమ వల్లనే.

ఆయుర్వేదానికీ ఈ ప్రయోగశాలలకూ వైరం ఉన్నదనుకునేవారికి ఒక పేరు గుర్తు చేస్తాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. సోదరులను సంగ్రహణి వంటి స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకోవడం చూసినవారాయన. తరువాత అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. నేడు గర్భిణీ స్త్రీలకు ప్రతి ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. ఆయుర్వేద కళాశాల గడప నుండి ఆహార పోషకాల పరిశోధన దాకా నడిచిన తెలుగువాడు మనకు ఉన్నాడు. ఆ బాట మూసుకుపోలేదు.

మన ముంగిట ఎదురుచూస్తున్న ప్రశ్నలు

ఈ రెండు జిల్లాలలోనే ఎన్ని ప్రశ్నలు పరిశోధకుని కోసం ఎదురుచూస్తున్నాయో చూడండి. బాలానగర్ సీతాఫలం పేరు దేశమంతా ఎరుగును. కానీ పండు మాగితే రెండు మూడు రోజులకు మించి ఆగదు. గుజ్జు తీస్తే గాలికి నల్లబడుతుంది, వేడి చేస్తే చేదెక్కుతుంది. గంపలు నెత్తిన పెట్టుకొని బస్సుస్టాండుకు వచ్చే స్త్రీలు సాయంత్రానికి అయినకాడికి అమ్ముకొని పోతారు. నల్లగొండ బత్తాయి తోటలలో ధర పడిపోయిన ఏడు రైతు గోడు వినలేము. రాత్రి పులియబెట్టిన జొన్న అంబలిలో, మొలకెత్తిన తైదలలో ఇనుము ఒంటికి పట్టడాన్ని అడ్డగించే పదార్థాలు తగ్గుతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మన అవ్వలు చేసిన పద్ధతులలో ఏది ఎంత మేలో ఇంటింటి కుండ దగ్గర కూర్చొని కొలిచేవారు కావాలి. పాలెంలో జొన్న, ఆముదం పంటలపై పరిశోధన జరుగుతున్నది. పంట ఇంటికి వచ్చిన తరువాతి కథను పరిశోధించే మన పిల్లలు ఎందరు?

చింతపండు పత్రం అచ్చయి రెండు దశాబ్దాలు దాటినా అది నా చెవిన పడలేదు. ఆంగ్ల పత్రికలో ఉన్న సత్యం మర్రిగూడకు నడిచి రాలేదు. అందుకు నన్ను నేను నిందించుకుంటాను. వెతకడం నా ధర్మం. అదే సమయంలో, పచ్చిపులుసు రుచి తెలిసి, ప్రయోగశాల భాష కూడా తెలిసి, రెంటినీ తెలుగులో కలిపి చెప్పగల పిల్లలు మన ఇళ్ళ నుండి పోకపోతే ఆ దూరం ఎవరు తగ్గిస్తారు?

చదువూ, దాని కష్టమూ

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివిన పిల్లలకు తెలంగాణలో నిజామాబాద్ జిల్లా రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాల ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో బాపట్ల, పులివెందులలో ఇటువంటివే ఉన్నాయి. హైదరాబాదు సైఫాబాద్‌లో పూర్వం గృహ విజ్ఞాన కళాశాలగా పేరొందిన సంస్థలో ఆహార పోషణ శాస్త్రం బోధిస్తారు. జాతీయ పోషకాహార సంస్థలోనూ, 1950లో మైసూరులో నెలకొన్న కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలోనూ స్నాతకోత్తర విద్యకూ, పరిశోధనకూ అవకాశం ఉన్నది. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధనా సంస్థ మనకు పొరుగునే ఉన్నది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం వచ్చిన తరువాత కల్తీని పట్టే అధికారులకూ, విశ్లేషకులకూ ఈ చదువు అర్హతలలో ఒకటయింది.

కష్టాలు దాచరాదు. పట్టా చేతికి వచ్చి, స్నాతకోత్తర విద్య ముగిసి, డాక్టరేటు పూర్తయ్యే సరికి ముప్ఫయ్యవ ఏడు దగ్గర పడుతుంది. స్థిరమైన అధ్యాపక పదవులు, శాస్త్రజ్ఞుల పదవులు కొద్ది. చాలామంది ఏడాదికేడాది పొడిగించే ప్రాజెక్టు ఉద్యోగాలలో కాలం గడపవలసి వస్తుంది. ఆడపిల్ల అయితే పెళ్ళి మాట అడ్డు వస్తుంది. మరోవైపు, ఉప్పూ చక్కెరా నూనే దట్టించి పొట్లాలు కట్టే వ్యాపారాలు ఎక్కువ జీతం చూపి పిలుస్తాయి. అందులో చేరినవారంతా చెడ్డవారని కాదు. కానీ ఒక తరం మేధ అంతా పొట్లంలోని చిరుతిండి కరకరలాడేలా చేయడానికే ఖర్చయితే ఆ నష్టం మన పిల్లల కడుపులలోనే తేలుతుంది. విశ్వవిద్యాలయాలలో, ప్రభుత్వ సంస్థలలో పరిశోధకులకు స్థిరమైన స్థానాలు కల్పించమని అడగడం అందుకే గృహస్థుల పని కూడా. వైద్యుల కొరత గురించి మాట్లాడతాము. వ్యాధి రాకముందే కంచాన్ని పరీక్షించే వారి కొరత గురించి ఎవరూ మాట్లాడరు.

గృహస్థులకు నా విన్నపం

ఒకటి. త్రాగునీటి మూలాన్ని తెలుసుకోండి. మిషన్ భగీరథ నీరు అందుతున్న ఇళ్ళవారు వంటకూ, త్రాగడానికీ ఆ నీటినే వాడండి. రుచి కోసం బోరు నీటికి మరలవద్దు.

రెండు. వండిన పచ్చిపులుసు, చారు మన భోజనంలో మితంగా ఉండవచ్చు. పరిశోధనలో ఇచ్చిన 10 గ్రాములు సుమారు చిన్న ఉసిరికాయంత. దానిని మందుగా ఎంచి అతిగా తినవద్దు. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ వైద్యుని అడిగి వాడుకోండి.

మూడు. ఏ వైద్యుడైనా, నేనైనా సరే, ఒక పదార్థం మానమన్నప్పుడు ఎందుకని అడగండి. ఎంతకాలమని అడగండి. దానికి బదులు ఏమి తినాలో అడగండి. అడిగిన వారిపై కోపించే వైద్యుడు ఇంకా నేర్వవలసినది ఉన్నది.

నాలుగు. మీ బిడ్డ ఆహార శాస్త్రం చదువుతానంటే "వంట చదువా?" అని నవ్వకండి. నేను నవ్వబోయి నేర్చుకున్నాను.

మా మనుమరాలు రుద్రూరులో చేరింది. వాళ్ళ నాన్న ముఖంలో అసంతృప్తి ఇంకా పూర్తిగా పోలేదు, కాలమే తీర్చాలి. బయలుదేరే నాడు నా పాత చిట్టాలు ఆమె చేతికిచ్చాను. "ఇందులో నేను ఎవరెవరికి ఏమేమి మాన్పించానో ఉన్నది. ఏది సరి, ఏది తప్పు, తూచి చెప్పు తల్లీ" అన్నాను. ఇప్పుడు నా దగ్గరకు నొప్పులతో వచ్చిన ప్రతివారినీ నాడి పట్టక ముందే అడుగుతున్నాను: "ఏ నీళ్ళు తాగుతున్నరు?"